గడ్డికి ధర పలికింది – కూలీకి ఏం మిగిలింది?

పంట ఇంటికి వచ్చేవేళ గింజ లెక్క అందరూ వేస్తారు. ఎకరానికి ఎన్ని బస్తాలు, బస్తా ఎంతకు పోయింది, కౌలుకు ఎంత, అప్పుకు ఎంత – యీ లెక్క రైతుకూ తెలుసు, షావుకారుకూ తెలుసు, మిల్లరుకూ తెలుసు. గడ్డి లెక్క, ఊక లెక్క, పేడ లెక్క, కంప లెక్క వేసేవాడు మొన్నమొన్నటి దాకా లేడు. ఆ లెక్క వేసుకున్నది ఒక్క కూలి కుటుంబమే. పొయ్యిలోకి ఏమిటి, పాడిగేదె ముందుకు ఏమిటి, పాక కప్పు మీదికి ఏమిటి అని రోజూ వెతుక్కునేది వాళ్లే గనక.

ఇప్పుడు ఆ లెక్క పెద్దవాళ్లు వేస్తున్నారు. దానికి ‘బయోమాస్’ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి, చేను నుంచి, పశువు నుంచి వచ్చే పదార్థమంతా యీ మాటలోకి వస్తుంది. దానితో కరెంటు తీయవచ్చు, బండ్లు నడిపే గ్యాసు తీయవచ్చు, కాగితం చేయవచ్చు, నూనె పిండవచ్చు. బొగ్గు, పెట్రోలు తవ్విన కొద్దీ తరిగిపోతాయి. గడ్డి ఏటేటా మొలుస్తుంది. కనుక ఇది తరగని ఇంధనం అంటున్నారు. మాట నిజమే, మేము కాదనడం లేదు. అయితే ఒక్క ప్రశ్న అడగవలసి వున్నది. ఆ పదార్థం ఎవరిది? దాన్ని ఇప్పటిదాకా ఎవరు వాడుకున్నారు? రేపు ఎవరు వాడుకోబోతున్నారు?

ఒక్క బస్తాలో ఏముంది?

ముందు వడ్ల బస్తానే తీసుకుందాం. 75 కిలోల బస్తా మిల్లుకు పోతే దాదాపు 50 కిలోల బియ్యం, 15 కిలోల ఊక, 6 కిలోల తవుడు వస్తాయి. మిగిలింది నూక, చెత్త, తరుగు. ఆ బస్తా వెనుక చేలో ఇంచుమించు మరో 75 కిలోల గడ్డి వుంటుంది. ఎకరానికి 25 బస్తాలు పండితే గడ్డి దాదాపు 2 టన్నులు.

ఇందులో ఏదీ వ్యర్థం కాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు ఉడికించే బాయిలరుకు ఊకే ఇంధనం. ఇటుకబట్టీకి ఊకే ఇంధనం. ఊక కాలితే అయిదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. సరిగా కాల్చిన బూడిదను సిమెంటులో కలుపుతారు. తవుడు నుంచి వంటనూనె వస్తుంది, నూనె తీసిన తవుడు పశువుల దాణాకు పోతుంది. గడ్డి పశువుకు మేత. ఆ గడ్డి మీదే పుట్టగొడుగులు పెంచవచ్చు. పెంచగా మిగిలినది చేనుకు ఎరువు.

చెరకు సంగతీ అంతే. 100 టన్నుల చెరకు ఆడితే 30 టన్నుల దాకా పిప్పి వస్తుంది. ఫ్యాక్టరీ బాయిలరు నడిచేది ఆ పిప్పితోనే. తన అవసరం తీరగా మిగిలిన కరెంటును గ్రిడ్డుకు అమ్ముకునే ఫ్యాక్టరీలు వున్నాయి. పిప్పితో కాగితమూ చేస్తారు. పత్తికట్టె, కందికట్టె, మొక్కజొన్న బెండ్లు, వేరుశనగ పొట్టు, కొబ్బరి డిప్ప, తాటిమట్ట – యీ జాబితాకు అంతు లేదు.

అంటే ఒకే పంటలో తిండి వుంది, ఇంధనం వుంది, ఇల్లు కట్టుకునే సరుకు వుంది, మళ్లీ పంటకు కావలసిన ఎరువు వుంది. మన పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు. కొత్త సంగతి ఏమిటంటే, వీటన్నిటికీ బజారు వచ్చింది. బజారు వచ్చినచోట సొంతదారుడు ఎవరనే పేచీ కూడా వస్తుంది.

గోబర్ గ్యాసు నేర్పిన పాఠం

యీ పేచీ మనకు మొదటిసారి గోబర్ గ్యాసుతో ఎదురయింది. పేడను నీళ్లతో కలిపి గాలి తగలకుండా గుంతలో మాగబెడితే మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. పొయ్యిలో పొగ వుండదు, ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు బాగుంటాయి. గ్యాసు పోగా మిగిలిన బురదలో నత్రజని అలాగే వుంటుంది, చేనుకు మంచి ఎరువు. అదే పేడను పిడకలు చేసి కాలిస్తే వేడిలో పదో వంతు మాత్రమే కుండకు అందుతుంది, నత్రజని పొగలో కలిసిపోతుంది. శాస్త్రం ప్రకారం చూస్తే గోబర్ గ్యాసు బంగారం లాంటిది. కేంద్రప్రభుత్వం 1981–82లో దేశవ్యాప్తంగా బయోగ్యాస్ పథకం మొదలుపెట్టి సబ్సిడీలు ఇచ్చింది. ఇప్పటిదాకా దేశంలో కట్టిన ఇంటి ప్లాంట్లు 50 లక్షల వరకు వున్నాయి. వీటిలో పనిచేయకుండా పడివున్నవీ తక్కువేమీ కాదు.

ఇక లెక్క చూడండి. నలుగురైదుగురు వున్న ఇంటికి వంట సాగాలంటే రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాసు కావాలి. దానికి 50 కిలోల పచ్చి పేడ కావాలి. ఒక పశువు రోజుకు వేసేది సుమారు 10 కిలోలు. అంటే కొట్టంలో అయిదు పశువులుండాలి, గుంత తవ్వడానికి పెరడు వుండాలి, కలపడానికి నీళ్లుండాలి, సబ్సిడీ పోగా మిగతా ఖర్చు పెట్టుకునే తాహతు వుండాలి. ఇవన్నీ ఎవరికి వుంటాయి? మోతుబరికి వుంటాయి. ఒక్క గేదెతో బతికే కూలి ఇంటికి వుండవు. అసలు గేదే లేని ఇంటి సంగతి చెప్పనక్కరలేదు.

అంతటితో ఆగితే ‘మనకు రాలేదులే’ అనుకోవచ్చు. ఆగలేదు. దారిలో, బీట్లో, ఆసామి కొట్టం ముందు పడిన పేడ ఎత్తుకుని పిడకలు చేసుకునే ఆడకూలీ వుంది. గ్యాసు రాకముందు ఆ పేడను అడిగినవాడు లేడు. గ్యాసు వచ్చాక ‘మా పేడ ముట్టుకోవద్దు’ అన్నారు. ఆసామి ఇంట్లో పొగ పోయింది, కూలి ఇంట్లో పొయ్యి ఆరింది. పరికరంలో లోపం లేదు. దాన్ని ఒక్కొక్క ఇంటికి, వున్నవాడి ఇంటికి ఇవ్వడంలో వుంది లోపం.

పూర గ్రామం చూపిన దారి

మరో విధంగా చేయవచ్చునా? చేయవచ్చు. కర్ణాటకలో తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలో పూర అనే చిన్న పల్లె వుంది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్యకుమార్ రెడ్డి, ఆయన సహచరులు 1974లో ‘ఆస్ట్ర’ అనే విభాగం పెట్టి, గ్రామాలకు పనికివచ్చే పరికరాల మీద పనిచేశారు. వాళ్లు ఆ ఊళ్లో ఊరందరికీ కలిపి ఒక గ్యాసు ప్లాంటు కట్టారు. మొదట అందరి వంటకూ గ్యాసు ఇద్దామనుకున్నారు. ఊరి పేడ చాలలేదు. అప్పుడు ఊరివాళ్లతో మాట్లాడి, 1987 నుంచి ఆ గ్యాసుతో ఇంజను నడిపి కరెంటు తీశారు. ఆ కరెంటుతో మంచినీళ్లు తోడి కుళాయిలకు ఇచ్చారు, ఇళ్లకు దీపాలు ఇచ్చారు.

మన కార్యకర్తలు గమనించవలసిన సంగతి ఇక్కడ వుంది. పేడ తెచ్చి పోసినవాళ్లకు, తూకం వేసి, తెచ్చిన కూలి ఇచ్చారు. గ్యాసు తీశాక మిగిలిన ఎరువును ఎవరి పేడకు తగ్గట్టు వాళ్లకు తిరిగి ఇచ్చారు. కనుక రైతుకు ఎరువు పోలేదు, మోసినవాళ్లకు చేతిలో పైసలు పడ్డాయి, పశువు లేని ఇంటికి కూడా నీళ్లు, దీపం అందాయి. ఆ ప్లాంటు సుమారు పదేళ్లు నడిచి తర్వాత ఆగిపోయింది. అయినా అది ఒక సంగతి రుజువు చేసింది. ఒకే పేడ. ఒకచోట కూలి ఇంటి పొయ్యి ఆర్పింది. ఇంకొకచోట అందరి ఇంటా దీపం వెలిగించింది. తేడా పేడలో లేదు, పంపకంలో వుంది.

మిషను వచ్చింది, మోపు పోయింది

ఇప్పుడు గడ్డి దగ్గరికి వద్దాం. చేతికోత, కుప్ప నూర్పిడి వున్న రోజుల్లో కూలీకి కల్లంలో గింజలతో పాటు గడ్డి కూడా దక్కేది. మోపు గడ్డి అడిగితే కాదనే ఆసామి అరుదు. కోసిన చేలో ఆడవాళ్లు, పిల్లలు పరిగె ఏరుకునేవారు. అది దయ కాదు. చట్టంలో లేకపోయినా ఊరు ఒప్పుకున్న హక్కు.

వరికోత మిషను వచ్చింది. కోత, నూర్పిడి గంటల్లో అయిపోతున్నాయి. కోత కూలి పోయింది, పరిగె పోయింది. మిషను గడ్డిని చేలో చిందరవందరగా వదులుతుంది. దాన్ని పోగుచేయించే కూలి ఖర్చు దండగ అని, రెండో పంటకు తొందర అని చాలాచోట్ల అగ్గిపెడుతున్నారు. పంజాబు, హర్యానాల్లో ఏటా చూస్తున్న పొగ ఇప్పుడు మన వరి జిల్లాల్లోనూ లేస్తున్నది.

ఆ మంటలో ఏం పోతున్నదో చూడండి. టన్ను వరిగడ్డిలో దాదాపు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ వుంటాయని పంజాబు లెక్కలు చెబుతున్నాయి. ఎకరం గడ్డి 2 టన్నులు అనుకుంటే 11 కిలోల నత్రజని. అంటే సగం బస్తా యూరియా. తగలబెడితే అది గాలిలో కలిసిపోతుంది. పొటాష్ మటుకు చాలావరకు బూడిదలో చేలోనే వుంటుంది.

ఇప్పుడు గడ్డిని చుట్టలు చుట్టే మిషను కూడా వచ్చింది. చేలో తిరిగి, గడ్డిని చుట్టి, లారీకెత్తి పంపుతారు. తగలబెట్టడం కన్నా ఇది మేలే. గడ్డి పశువుకు పోతే పేడ రూపంలో తిరిగి చేనుకు చేరుతుంది. కాని ఆ లారీ దూరపు ఫ్యాక్టరీకి పోతే ఎకరం గడ్డితో పాటు 50 కిలోల పొటాష్ కూడా పోతుంది. అంటే బస్తాన్నరకు పైగా పొటాష్ ఎరువు. ఆ ఎరువును మన దేశం మొత్తంగా విదేశాల నుంచే కొంటున్నది. ఫ్యాక్టరీ బూడిదను, బురదను చేనుకు తిరిగి పంపకపోతే ‘తరగని ఇంధనం’ అన్నది పొలం విషయంలో అబద్ధమవుతుంది. గడ్డి మళ్లీ మొలుస్తుంది గాని ఎరువు బస్తా అప్పు తెచ్చి కొంటేనే మొలుస్తుంది.

ఇక కూలి సంగతి. పాడిగేదెకు మేత కావాలని మోపు అడిగితే ఆసామి ఏమంటాడు? ‘చుట్టకు ఇంత వస్తున్నది. నువ్వూ అంతే ఇచ్చి తీసుకుపో’ అంటాడు. ఆసామిది తప్పని కూడా అనలేం. అతనికీ గిట్టుబాటు లేదు. కౌలు రైతయితే మరీను. ఒకే గడ్డి కోసం చిన్న రైతు, కూలి తగవు పడుతుంటే లాభం లారీ మీద పోతున్నది.

ఒక ప్లాంటు ఎంత మేస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 6 మెగావాట్ల వంటి చిన్న బయోమాస్ కరెంటు ప్లాంట్లు చాలా వచ్చాయి. ఊక, కంప, పత్తికట్టె కాల్చి కరెంటు తీస్తామన్నారు. 6 మెగావాట్ల ప్లాంటు పూర్తిగా నడిస్తే రోజుకు 1,44,000 యూనిట్లు. యూనిట్‌కు కిలోకు పైనే ఇంధనం కావాలి. అంటే రోజుకు 150 నుంచి 200 టన్నులు. వరిగడ్డితో నడిపితే రోజుకు దాదాపు 90 ఎకరాల గడ్డి కాలిపోతుంది. అది సుమారు 25 వేల గేదెలకు ఒకరోజు మేత.

ప్లాంట్లు వచ్చినచోట ఊక ధర పెరిగింది. ఊక ధర పెరిగితే ప్లాంటుకు గిట్టుబాటు కాలేదు. 2004లో విద్యుత్ నియంత్రణ మండలి యీ ప్లాంట్ల కరెంటు ధరను మార్చింది. కంపెనీలకూ విద్యుత్ సంస్థకూ నడుమ తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. చాలా ప్లాంట్లు మూతపడ్డాయి. యీ తగవులో యూనిట్ ధర గురించి మాట్లాడినవాళ్లున్నారు. కంప కొట్టి, మోపు కట్టి, బండికెత్తిన కూలీకి టన్నుకు ఎంత ముట్టాలని మాట్లాడినవాళ్లు లేరు.

కంప అంటే జ్ఞాపకం వచ్చేది సర్కారు తుమ్మ. అది కొట్టి బొగ్గు కాల్చే పనిలో నెల్లూరు, ప్రకాశం వైపు యానాది కుటుంబాలు అడ్వాన్సుల అప్పులో చిక్కుకుని వెట్టిచాకిరి చేసిన ఉదంతాలు వున్నాయి. వెట్టి కార్మికుల నిర్మూలన చట్టం 1976 నాటిది. ఇంధనం ‘పచ్చనిది’ అయినంత మాత్రాన దాన్ని కోసే చేతికి న్యాయం జరుగుతుందని భ్రమపడరాదు.

‘బంజరు’ ఎవరి బంజరు?

ఇప్పుడు పథకాలు ఇంకా పెద్దవి. గడ్డి నుంచి, పేడ నుంచి బండ్లు నడిపే గ్యాసు తీసే 5,000 ప్లాంట్లు 2023 నాటికి కట్టిస్తామని కేంద్రం 2018 అక్టోబరులో చెప్పింది. గడువు నాటికి నడిచినవి వంద కూడా లేవు. బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాలు వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలను బొగ్గులో కలపాలని 2021లో విధానం ప్రకటించారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిలయన్సుతో 500 గ్యాసు ప్లాంట్లకు, 65,000 కోట్ల రూపాయల పెట్టుబడికి ఒప్పందం చేసుకున్నది. మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి ప్లాంట్లకు పోస్తారట.

ఉద్యోగాలు వస్తే మంచిదే. మెట్ట ప్రాంతంలో పని లేక వలసపోయే జనానికి పని కావాలి. కాని ‘బంజరు’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. కాగితంలో బంజరు అని వున్న భూమి నిజంగా ఖాళీగా వున్నదా? దానిలో గొర్రెలు మేసేది ఎవరివి? పొయ్యికట్టె తెచ్చుకునేది ఎవరు? పట్టా లేకుండా ఏళ్ల తరబడి సాగుచేసుకుంటున్న దళిత, గిరిజన కుటుంబాలు ఎన్ని? ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల మెట్ట గ్రామాలు పరిశీలించి 1986లో అచ్చువేసిన వ్యాసంలో, పేదలు వంటచెరకుకూ పశువుల మేతకూ ఎక్కువగా యీ ఉమ్మడి భూముల మీదనే ఆధారపడి వున్నారని చూపించాడు. రెవెన్యూ రికార్డుకు అది బంజరు. పేదవాడికి అదే అంగడి, అదే బీడు, అదే అడవి. గ్రామ ఉమ్మడి భూములను కాపాడాలని, ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పు పేదవాడి గుడిసె పీకడానికే తప్ప కంపెనీ గడ్డికి వర్తించదా?

నీళ్ల సంగతి కూడా అడగాలి. నేపియర్ గడ్డి నీళ్లు పెడితేనే ఏడాదికి ఎన్నో కోతలు ఇస్తుంది. కనిగిరి వంటి చోట ఆ నీళ్లు ఎక్కడివి?

బండి తిండా, మనిషి తిండా?

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న తిండి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2030 నుంచి ముందుకు జరిపి, 2025లో చేరుకున్నామని కేంద్రం ప్రకటించింది. ఆ ఇథనాల్ ఎక్కడి నుంచి? చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి. 2025లో ఆహార సంస్థ గోదాముల బియ్యం 52 లక్షల టన్నులు కిలో 22 రూపాయల 50 పైసలకు ఇథనాల్‌కు కేటాయించారు. టన్ను బియ్యం నుంచి 450 లీటర్ల దాకా ఇథనాల్ వస్తుంది. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు ఇచ్చే 5 కిలోలు వేస్తే రెండు లీటర్ల పైచిలుకు. ఒక మనిషి నెల బియ్యంతో మోటారు సైకిలు ట్యాంకు సగం కూడా నిండదు.

మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకున్నది. మొక్కజొన్న రైతుకు ధర పలికింది, అది మేము సంతోషించే విషయమే. కాని కోళ్ల దాణా ధర పెరిగితే గుడ్డు ధర పెరుగుతుంది. ఆ గుడ్డు కొనుక్కు తినేవాడు భూమిలేని కూలీ.

ప్లాంటు పెట్టే ఊరి మాట కూడా వినవలసి వుంటుంది. తెలంగాణలో నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని జనం రోడ్డెక్కారు. నీళ్లు, గాలి పాడవుతాయని వారి భయం. 2024 నవంబరులో దిలావర్‌పూర్ ఆందోళన తర్వాత ప్రభుత్వం అక్కడ పనులు ఆపించింది. పోరాడితే ఆగుతుందని ఇది రుజువు చేసింది.

మన కోర్కెలు

కాబట్టి వ్యవసాయ కార్మికులు, పేద రైతులు బయోమాస్‌కు అడ్డం నిలవనక్కరలేదు. వరస మాత్రం తామే నిర్ణయించాలి. పంట నుంచి వచ్చిన పదార్థం ముందు మనిషి తిండికి, తర్వాత పశువు మేతకు, తర్వాత నేల ఎరువుకు, ఆపైన ఊరి పొయ్యికి. ఇవన్నీ తీరగా మిగిలితేనే ఫ్యాక్టరీకి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు.

దీనికోసం ఊరూరా యీ కోర్కెలు ముందుకు తేవాలి. ఒకటి: బంజరు, పోరంబోకు, మేతబీళ్లు గ్రామసభ అనుమతి లేకుండా ఏ కంపెనీకీ లీజుకు ఇవ్వరాదు. సాగులో వున్న పేదలకు పట్టాలివ్వాలి. రెండు: గడ్డి, కట్టె, కంప కొనే ప్లాంటు టన్నుకు ధర ప్రకటించాలి. అందులో రైతు ధర వేరుగా, కోత–మోత కూలి వేరుగా చూపాలి. కూలి కనీస వేతనానికి తగ్గరాదు. మూడు: బూడిద, బురద ఉచితంగా చేనుకు తిరిగి రావాలి. నాలుగు: పేడ, గడ్డి సేకరణ మహిళా సంఘాలకు, వ్యవసాయ కార్మికుల సహకార సంఘాలకు అప్పగించాలి. ఊరందరికీ కలిపి గ్యాసు ప్లాంట్లు ప్రభుత్వ ఖర్చుతో కట్టి, పశువు లేని ఇంటికి కూడా వాటా ఇవ్వాలి. అయిదు: రేషను కోటా సక్రమంగా అందేదాకా గోదాము బియ్యం సారా బట్టీకి గాని, ఇథనాల్ బట్టీకి గాని పోరాదు.

కార్యకర్తలు తమ ఊళ్లోనే ఒక లెక్క మొదలుపెట్టవచ్చు. ఊళ్లో ఎన్ని ఎకరాల గడ్డి, ఎన్ని పశువులు, ఎన్ని పొయ్యిలు, ఎంత బంజరు – నలుగురు కూర్చుంటే ఒక్కపూట పని. ఆ కాగితం చేతిలో వుంటే గ్రామసభలో అధికారి చెప్పే ‘మిగులు’ నిజంగా మిగులో కాదో అక్కడికక్కడే తేలుతుంది. గింజ లెక్క షావుకారు చేతిలో పెట్టి తరాల తరబడి నష్టపోయాం. గడ్డి లెక్క మటుకు మనమే వేసుకుందాం.